గీత నుంచి కోత దాకా

కంప్యూటర్లో గీసిన బొమ్మని ప్రింటరుకి పంపితే నిమిషంలో కాగితం చేతికొస్తుంది. అదే బొమ్మని స్టిక్కర్లు కోసే ప్లాటరుకి పంపితే ఇంత తంటా ఎందుకు? పాలిటెక్నిక్‌లో క్యాడ్ నేర్చుకుంటున్న పిల్లలూ, ఊళ్లో రేడియం స్టిక్కర్ల షాపు పెట్టుకున్నవాళ్లూ, ఇంట్లోకి చిన్న కటింగ్ మిషను కొనుక్కున్నవాళ్లూ ఏదో ఒకరోజు అడిగే ప్రశ్నే ఇది. కేబులు పెట్టారు, డ్రైవరు వేశారు, లైటు వెలిగింది. అయినా బ్లేడు కదలదు. కదిలితే, పది సెంటీమీటర్ల చతురస్రం తొమ్మిది పైచిలుకే వస్తుంది. మూలలు గుండ్రంగా తిరిగిపోతాయి. సున్నా చుట్టినచోట రెండు కొసలూ కలవవు. ఒక్కోసారి బొమ్మతో సంబంధమే లేకుండా షీటుకి అడ్డంగా పొడవాటి గాటు పడుతుంది.

వీటిలో దేనికీ మిషను విప్పాల్సిన పని లేదు. ప్రతి తప్పు వెనకా ఒక కచ్చితమైన కారణం ఉంది. అది దొరకాలంటే, తెర మీది గీత వినైల్ మీద కోతగా మారే దారిలో ఏ మలుపు దగ్గర ఏం జారిపోతుందో చూడాలి.

ప్లాటరు చదివేదేమిటి

మామూలు ప్రింటరు బొమ్మని సన్నటి చుక్కల వరసలుగా పరుస్తుంది. అందులో ఏ గీత ముందు గీశారో, ఏది తర్వాత గీశారో దానికి అక్కర్లేదు. ప్లాటరు దగ్గర చుక్కలు లేవు. దానికి బొమ్మ అసలు కనపడదు. ఎక్కడికి వెళ్లాలి, బ్లేడు ఎత్తి వెళ్లాలా దించి వెళ్లాలా అన్న ఆదేశాలు మాత్రమే ఒకదాని వెనక ఒకటి అందుతాయి. వాటిని వచ్చిన వరసలోనే అమలు చేసుకుంటూ పోతుంది.

ఆ ఆదేశాలకి వాడే భాష కోత కోసం పుట్టింది కాదు. హ్యూలెట్ పాకార్డ్ సంస్థ 1977లో తన పెన్ ప్లాటర్ల కోసం తయారుచేసిన భాష అది, పేరు హెచ్‌పీ-జీఎల్. ఇంజనీర్ల నక్షాలని పెద్ద కాగితాల మీద పెన్నుతో గీసే యంత్రాలవి. పెన్ను ఉండే చోట బ్లేడు బిగిస్తే అదే యంత్రం కోత యంత్రమైంది, భాష మాత్రం మారలేదు. ఇవాళ మన షాపుల్లో కనిపించే చైనా ప్లాటర్లలో చాలా వరకు ఈ భాషే అర్థం చేసుకుంటాయి. రోలాండ్, గ్రాఫ్‌టెక్ కంపెనీలకి సొంత భాషలున్నా, వాటి షాపు మోడళ్లలో చాలావాటికి హెచ్‌పీ-జీఎల్ కూడా వచ్చు.

ఈ భాషలో రాసిన ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. క్యాడ్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా ఆ పని చేయాలని నా కోరిక. 50 మిల్లీమీటర్ల చతురస్రం ఉందనుకోండి. ఫైల్లో ఇంగ్లిషు అక్షరాల్లో కనిపించేది ఇంతే: ఐఎన్; ఎస్‌పీ1; పీయూ0,0; పీడీ2000,0; పీడీ2000,2000; పీడీ0,2000; పీడీ0,0; పీయూ; అని. ఐఎన్ అంటే మొదటి స్థితికి రా, ఎస్‌పీ1 అంటే ఒకటో నంబరు పెన్ను అందుకో, పీయూ అంటే పెన్ను పైకెత్తు, పీడీ అంటే దించు. 50 మిల్లీమీటర్లు 2000 ఎందుకైందంటే, ఈ భాషలో అడుగు అంటే 0.025 మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరుకి 40 అడుగులు, ఒక అంగుళానికి 1016. ప్లాటరు సెట్టింగుల్లో ఎక్కడైనా 1016 అన్న అంకె కనిపిస్తే అది ఇదే.

ఆ ఫైల్లో ఏముందో చూశారు, ఏం లేదో కూడా చూడండి. 'ఇది చతురస్రం' అని ఎక్కడా లేదు. పెన్ను అని తప్ప బ్లేడు అన్న ఊసు లేదు. ఇవి రెండూ తర్వాత పనికొస్తాయి.

ఇక్కడ హైన్జ్ జోసెఫ్ గెర్బర్‌ని తలుచుకోకపోతే అన్యాయమవుతుంది. వియన్నాలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరిన యువకుడు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో తన పైజమా ఎలాస్టిక్ మీద గుర్తులు పెట్టి, లాగితే సాగే కొలబద్ద తయారుచేశాడు. దాంతో మొదలైన గెర్బర్ సంస్థే 1983లో సైన్‌మేకర్ 3 అనే యంత్రాన్ని బోర్డులు రాసేవాళ్ల షాపుల్లోకి తెచ్చింది. కంప్యూటరు చెప్పినట్టు వినైల్ అక్షరాలు కోసే మిషన్లు వ్యాపారంలోకి వచ్చింది అక్కడి నుంచే. ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లు సర్క్యూట్ బోర్డు తయారీకి పంపే 'గెర్బర్ ఫైలు' కూడా ఆ సంస్థ పేరుతో వచ్చిందే.

కొలత తప్పేది ఎక్కడ

క్యాడ్ నుంచి బొమ్మ బయటికి రావడానికి ఎక్కువగా వాడే ఫైలు డీఎక్స్ఎఫ్. 1982 డిసెంబరులో ఆటోక్యాడ్ మొదటి కూర్పుతో పాటు వచ్చింది. ఇందులో గీత అంటే రెండు బిందువుల అంకెలు. ఈ మూల 0,0. ఆ మూల 100,0. నూరు సరే, నూరు ఏమిటి? మిల్లీమీటర్లా, అంగుళాలా? పాత డీఎక్స్ఎఫ్ ఫైళ్లలో ఆ ముక్క ఉండదు. తర్వాతి కూర్పుల్లో ప్రమాణం చెప్పే చోటు పెట్టారుగానీ, చదివే సాఫ్ట్‌వేర్లన్నీ దాన్ని పట్టించుకోవు. మీరు మిల్లీమీటర్లలో గీసిన 100ని అది అంగుళాలనుకుంటే బొమ్మ 25.4 రెట్లు పెరిగి రెండున్నర మీటర్లు దాటుతుంది. ఇది నయమైన తప్పు, చూడగానే తెలిసిపోతుంది.

కంటికి ఆనని తప్పు ఎస్‌వీజీ ఫైళ్లలో ఉంది. ఇంక్‌స్కేప్ వంటి బొమ్మల సాఫ్ట్‌వేర్లు వాడే ఈ ఫైల్లో కొలత పిక్సెళ్లలో ఉండొచ్చు. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క అందరికీ ఒకటి కాదు. వెబ్ ప్రమాణం ప్రకారం 96. ఇంక్‌స్కేప్ 2017లో వచ్చిన 0.92 కూర్పు దాకా 90 లెక్కన నడిచింది. ముద్రణ రంగం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్లలో 72. 90 లెక్కన గీసిన 100 మిల్లీమీటర్ల చతురస్రాన్ని 96 లెక్కన చదివితే 93.75 మిల్లీమీటర్లు వస్తుంది. 72ని 96గా చదివితే 75 వస్తుంది. మొదట్లో చెప్పిన 'తొమ్మిది పైచిలుకు' చతురస్రం రహస్యం ఇదే. బ్లేడు మార్చినా, రోలర్లు తుడిచినా ఇది పోదు. పైగా కోత 93.75 వచ్చిందంటే కారణం 90కీ 96కీ మధ్య ఉందని ఆ అంకే చెబుతోంది. అందుకే సైజు తేడాగా ఉంది అని ఊరుకోకుండా ఎంత తేడాగా ఉందో స్కేలు పెట్టి కొలవాలి.

ఇంకొకటి మూలబిందువు. వినైల్ ప్లాటరు షీటు ఒక మూలని సున్నా అనుకుని, అక్కడి నుంచి పెరిగే అంకెలే కోరుకుంటుంది. పాతకాలపు పెద్ద పెన్ ప్లాటర్లలో కొన్నిటికి సున్నా కాగితం నడిమధ్యన ఉండేది. ఆటోక్యాడ్‌లో అలాంటి ప్లాటరు డ్రైవరుని ఎంచుకుంటే బొమ్మలో మూడొంతుల భాగం రుణాత్మక అంకెల్లోకి వెళ్లి, నాలుగో వంతే కోతకొస్తుంది. బొమ్మని క్యాడ్‌లోనే సున్నా మూలకి జరిపి, చిన్న సైజు పెన్ ప్లాటరు డ్రైవరుని ఎంచుకుని, ముందు ఫైలుకి ప్లాట్ చేసి, ఆ ఫైలు తెరిచి మైనస్ గుర్తులు లేవని చూసుకుంటే సరిపోతుంది.

నక్షా వేరు, కోత బొమ్మ వేరు

క్యాడ్‌లో గీసే నక్షా మనిషి చదవడానికి. అందులో కొలతల బాణాలుంటాయి, మధ్యరేఖలుంటాయి, హాచింగ్ ఉంటుంది. చదివేవాడు వాటిని అర్థం చేసుకుంటాడు. ప్లాటరు వాటన్నిటినీ కోసేస్తుంది. కోయాల్సిన గీతలన్నిటినీ ఒక ప్రత్యేకమైన లేయరులో పెట్టి, మిగతా లేయర్లు ఆపేసి పంపాలి.

అంతకంటే లోతైన చిక్కు కనపడని గీతలది. ఒక గీత మీదే ఇంకో గీత పడి ఉంటే తెర మీద ఒక్కటే కనిపిస్తుంది. ప్లాటరు ఆ దారిన రెండుసార్లు పోతుంది. రెండో కోత వెనక కాగితాన్ని కూడా చీల్చేస్తుంది. ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ అన్న ఆదేశం ఉన్నది ఇలాంటి జంట గీతల్ని ఏరేయడానికే. అలాగే నాలుగు విడి గీతలతో గీసిన చతురస్రం తెర మీద చతురస్రమే. ఫైల్లో మాత్రం అది నాలుగు ప్రయాణాలు. గీసిన వరసని బట్టి బ్లేడు ఎక్కడో మొదలై, లేచి, ఇంకెక్కడో దిగి, మళ్లీ లేస్తుంది. మూలల దగ్గర కోతలు కలవకపోతే ఒలిచేటప్పుడు వినైల్ అక్కడే పట్టుకుని చిరుగుతుంది. జాయిన్ లేదా పీఎడిట్ ఆదేశంతో వాటిని కలిపి, మొదలైన చోటే ముగిసే ఒకే మూత గీతగా చేయాలి.

క్యాడ్‌లో రాసిన అక్షరాల సంగతీ ఇంతే. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో సాధారణంగా వాడేవి ఒంటిగీత అక్షరాలు. పెన్ను వాటి మీదుగా పోతే సిరా మందం అక్షరమై కనిపిస్తుంది. బ్లేడు పోతే సన్నటి గాటు తప్ప ఏమీ మిగలదు, ఒలవడానికి మధ్యలో జాగా ఉండదు. వినైల్ అక్షరానికి లోపలి అంచూ బయటి అంచూ రెండూ కావాలి.

వంపుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. క్యాడ్‌లో వృత్తమంటే కేంద్రం, వ్యాసార్థం, అంతే. చక్కటి సున్నా. హెచ్‌పీ-జీఎల్‌లో వృత్తానికీ చాపానికీ ఆదేశాలున్నా, అన్ని ప్లాటర్లూ వాటిని ఒకేలా పాటించవు. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లు వంపుని చిన్న చిన్న సరళరేఖలుగా విరిచి పంపుతాయి. ఎన్ని ముక్కలు? 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న వృత్తాన్ని 36 ముక్కలు చేస్తే ముక్క మధ్యలో అసలు వంపు నుంచి 0.19 మిల్లీమీటరు లోపలికి పోతుంది. వెలుతురులో ఏటవాలుగా చూస్తే పలకలు కనిపిస్తాయి. 100 ముక్కలు చేస్తే ఆ తేడా దాదాపు 0.025కి దిగుతుంది. అది హెచ్‌పీ-జీఎల్‌లో రాయగల అతిచిన్న అడుగుతో సమానం. అంతకు మించి ఎన్ని ముక్కలు చేసినా ఆ భాషలో రాయడానికి కూడా చోటు లేని నునుపు అది. 'క్వాలిటీ' గడిలో పెద్ద అంకె వేస్తే కోత బాగుంటుందన్న నమ్మకం చాలామందికుంది. ఒక హద్దు దాటాక దానివల్ల లాభం లేకపోగా నష్టమే. ఆ నష్టమేమిటో కేబులు దగ్గరికొచ్చాక చూద్దాం.

మొన వెనక నడుస్తుంది

పెన్ను మొన సరిగ్గా పెన్ను మధ్యలో ఉంటుంది. ఎటు తిప్పినా గీత ఒకటే. వినైల్ బ్లేడుకి ఒక వైపే అంచు. అది ఎప్పుడూ పోయే దిశకి తిరిగి ఉండాలి. చవకైన, గట్టి ఉపాయం ఒకటి కనిపెట్టారు: బ్లేడుని బేరింగుల మధ్య స్వేచ్ఛగా తిరిగేలా పెట్టి, దాని మొనని ఇరుసు నుంచి కొంచెం పక్కకి జరిపారు. ఆఫీసు కుర్చీ కింద చక్రాల్ని గమనించండి. చక్రం నేలని తాకే చోటు, పైన దాని ఇరుసు తిరిగే చోటుకి సూటిగా కింద ఉండదు, కొంచెం వెనక ఉంటుంది. అందుకే కుర్చీని ఎటు తోస్తే చక్రం అటు తనంతట తానే తిరుగుతుంది. ఎదురుదిశకి తోసినప్పుడు కుర్చీ ఒక్క క్షణం పక్కకి ఊగి, చక్రం చుట్టు తిరిగి, అప్పుడు దారిలో పడుతుంది. బ్లేడు కూడా సరిగ్గా ఇలాగే నడుస్తుంది. ఎక్కువ వినైల్ బ్లేడుల్లో ఆ వెనకబాటు 0.25 మిల్లీమీటరు. దీన్ని బ్లేడ్ ఆఫ్‌సెట్ అంటారు.

ఇప్పుడు చతురస్రం మూల దగ్గరికి వెళ్దాం. ప్లాటరుకి తెలిసింది ఇరుసు ఎక్కడుందన్నదే. ఇరుసు మూలకి చేరిన క్షణాన మొన ఇంకా పావు మిల్లీమీటరు వెనకే ఉంది. ఇరుసు అక్కడే తొంభై డిగ్రీలు తిరిగి పోతే, మొన మూలదాకా రాకుండానే వంపు తిరిగి దాని వెంట పోతుంది. మూల గుండ్రమవుతుంది. దీనికి మందు ఒకటే: ఇరుసు మూలని దాటి పావు మిల్లీమీటరు ముందుకు పోవాలి, మొన మూలలో నిలిచాక దాని చుట్టూ చిన్న చాపం తిరగాలి, అప్పుడు కొత్త దిశలో బయల్దేరాలి. ఈ అదనపు కదలికలు మీ క్యాడ్ బొమ్మలో లేవు. ఎవరో ఒకరు వాటిని చేర్చాలి.

ఎవరు చేర్చాలన్నదే అసలు చిక్కు. కొన్ని ప్లాటర్లు లోపలే చేర్చుకుంటాయి. కొన్ని చేర్చవు, సాఫ్ట్‌వేరు చేర్చి పంపాలి. ఇంక్‌స్కేప్‌లో ప్లాట్ అన్న ఎక్స్‌టెన్షన్‌లో టూల్ ఆఫ్‌సెట్ అన్న గడి ఉంది, అందులో 0.25 ముందే ఉంటుంది. దాని పక్కనే ఓవర్‌కట్ 1 మిల్లీమీటరు. మూత గీత పూర్తయ్యాక మొదలైన చోటుని దాటి ఇంకో మిల్లీమీటరు కోస్తేనే, మొదట్లో మొన దిశ సర్దుకునే లోపు మిగిలిన సందు తెగుతుంది. కొసలు కలవని సున్నాకి వైద్యం అది. క్యాడ్ నుంచి నేరుగా ప్లాట్ చేస్తే ఈ రెండూ ఉండవు. ఎందుకంటే క్యాడ్‌కి తెలిసింది పెన్నే.

మూలలు చూస్తే రోగం తెలుస్తుంది. గుండ్రంగా ఉంటే ఆఫ్‌సెట్ తక్కువైంది, లేదా ఎవరూ చేర్చలేదు. మూల బయటికి కొమ్ములా పొడుచుకొస్తే ఎక్కువైంది. ప్లాటరూ సాఫ్ట్‌వేరూ రెండూ చేర్చినప్పుడు కూడా కొమ్ములే వస్తాయి. ఒకదాంట్లో సున్నా పెట్టాలి.

లోతు సంగతి చేతితో తెలుసుకోవాల్సిందే. వినైల్ ఫిల్ము మందం 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు. బ్లేడు దాన్ని పూర్తిగా కోసి, వెనక కాగితం మీద కనీకనిపించని గీత మాత్రమే వదలాలి. స్టిక్కరు ఒలిచాక కాగితం మీద వేలు రాయండి. గీత తగలాలి, చిల్లు తగలకూడదు. ఇంత సన్నటి పనికి లేజరు వాడకూడదా అని అడుగుతారు. వినైల్ అంటే పీవీసీ. లేజరు వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకీ మిషనుకీ రెండిటికీ హాని.

తెలుగు అక్షరం కోసేటప్పుడు

ఇంగ్లిషు పేరు కోసినంత సులువుగా తెలుగు పేరు కోయలేం. మన షాపుల్లో ఇప్పటికీ వాడే అను వంటి పాత ఫాంట్లలో అక్షరం ఒకే ముక్క కాదు. ఒళ్లు వేరు, గుడి వేరు, వత్తు వేరు. పక్కపక్కన పేర్చితే తెర మీద శ్రీ అని నిండుగా కనిపిస్తుంది. ప్లాటరు మాత్రం ప్రతి ముక్క అంచునీ విడిగా కోస్తుంది. ముక్కలు ఒకదానిమీద ఒకటి పడిన చోటల్లా అక్షరం కడుపులో అడ్డకోతలు పడతాయి. ఒలిస్తే శ్రీ నాలుగు పీలికలై ఊడొస్తుంది. యూనికోడ్ ఫాంట్లలో కూడా కొన్నిట్లో వత్తులు ఒంటికి ఒరుసుకుని ఇదే జరుగుతుంది. యూనికోడ్ తెలుగుని సరిగ్గా కూర్చలేని క్యాడ్ సాఫ్ట్‌వేర్లు వత్తుని కింద పెట్టకుండా పక్కన పెడతాయి.

కాబట్టి తెలుగు మాటని క్యాడ్‌లో టైపు చేయొద్దు. కోరెల్‌డ్రాలో గానీ ఇంక్‌స్కేప్‌లో గానీ కూర్చి, అక్షరాల్ని గీతలుగా మార్చి, వెల్డ్ లేదా యూనియన్ చేయండి. అప్పుడు శ్రీకి బయటి అంచు ఒక్కటే గీత అవుతుంది. ఆ తర్వాతే డీఎక్స్ఎఫ్ చేసి క్యాడ్‌లోకి తెచ్చుకోండి. ఒలిచేటప్పుడు ఠ, థ లాంటి అక్షరాల దగ్గర చెయ్యి నెమ్మదించాలి. లోపలి చుక్క విడి ద్వీపం. చుట్టూ ఉన్న వినైల్‌తో పాటు అదీ లేచిపోతుంది, దాన్ని వేలితో నొక్కిపట్టి మిగతాది లాగాలి. అద్దానికి లోపలి నుంచి అంటించేదైనా, బట్ట మీద ఇస్త్రీతో వేసేదైనా బొమ్మని ముందే అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి కోయాలి.

కేబులు, తాళాలు

ఫైలు సరిగ్గా ఉన్నా అది ప్లాటరుకి చేరే దారి ఇరుకు. చాలా ప్లాటర్లకి యూఎస్‌బీ కేబులు పెట్టినా లోపల నడిచేది పాత సీరియల్ పద్ధతే. కంప్యూటర్లో అది కామ్ పోర్టుగా కనిపిస్తుంది. పోర్టు నంబరూ, వేగమూ రెండువైపులా ఒకటే కాకపోతే బ్లేడు కదలదు. వేగం 9600 అంటే సెకనుకి సుమారు 960 అక్షరాలు. పీడీ2000,2000; అన్న ఆదేశానికి ఇంగ్లిషులో 12 అక్షరాలు, అంటే సెకనుకి 80 బిందువులు. బిందువుల మధ్య దూరం ఒక మిల్లీమీటరైతే బ్లేడు సెకనుకి 80 మిల్లీమీటర్లు పోగలదు. 'క్వాలిటీ' పెంచి ఆ దూరాన్ని 0.05కి తగ్గిస్తే సెకనుకి 4 మిల్లీమీటర్లే. ప్లాటరు ఆగి ఆగి, అదురుతూ కోస్తుంది.

ఇక షీటుకి అడ్డంగా పడే గాటు. ప్లాటరు జ్ఞాపకం నిండాక 'ఆగు' అని, ఖాళీ అయ్యాక 'పంపు' అని కంప్యూటరుకి చెబుతుంది. దీన్ని ఫ్లో కంట్రోల్ అంటారు. సెట్టింగుల్లో అది లేకపోతే కంప్యూటరు పంపుతూనే ఉంటుంది, చోటు చాలని ఆదేశాలు రాలిపోతాయి. రాలిపోయినవాటిలో ఒక్క పీయూ ఉందంటే, బ్లేడు ఎత్తాల్సిన చోట ఎత్తకుండా తర్వాతి అక్షరం దాకా కోసుకుంటూ పోతుంది. సీరియల్ సెట్టింగుల్లో ఫ్లో కంట్రోల్‌ని ప్లాటరు కోరిన రకానికి మారిస్తే ఈ గాటు పోతుంది.

ఈ తప్పులన్నీ మనం పట్టుకోగలిగినవే. ఎందుకంటే హెచ్‌పీ-జీఎల్ దాచిపెట్టిన భాష కాదు. ఇళ్లలో వాడే కొన్ని మిషన్ల దగ్గర ఆ వీలు లేదు. క్రికట్ మిషన్లు ఆ కంపెనీ సాఫ్ట్‌వేరు ద్వారానే నడుస్తాయి. 2021 మార్చిలో ఆ కంపెనీ డబ్బు కట్టనివాళ్లు నెలకి 20 సొంత బొమ్మలే ఎక్కించుకోవాలని ప్రకటించింది. వాడకందారులు తిరగబడితే వెనక్కి తగ్గింది. సిల్హౌట్ మిషన్లతో వచ్చే ఉచిత సాఫ్ట్‌వేరు ఎస్‌వీజీ తెరవదు, దానికి డబ్బు కట్టాలి. డీఎక్స్ఎఫ్ మాత్రం తెరుస్తుంది కాబట్టి క్యాడ్ వాడేవాళ్లకి దారి మిగిలింది. డబ్బిచ్చి కొన్న మిషనుకి మన బొమ్మ పంపడానికి ఇంకొకరి అనుమతి అవసరం కావడం సరైనది కాదని నా గట్టి అభిప్రాయం.

కొత్తగా ప్లాటరు కొనేవాళ్లు ధర, వెడల్పు అడిగే ముందు ఇది హెచ్‌పీ-జీఎల్ ఫైలుని నేరుగా తీసుకుంటుందా అని అడగండి. అవునంటే, షాపులోనే 100 మిల్లీమీటర్ల చతురస్రం, దాని లోపల ఒక వృత్తం కోయించి, స్కేలు పెట్టి కొలిచి, మూలలూ వృత్తం కలిసిన చోటూ చూసి, అప్పుడు డబ్బు చెల్లించండి.